కోడీ కుంపటీ లేకున్నా తెల్లారుతోంది

వెనకటికి ఒక ముసలమ్మ ఉండేదట. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందని, తన కుంపట్లో నిప్పు ఇస్తేనే ఊళ్లో పొయ్యిలు అంటుకుంటాయని ఆమె నమ్మకం. ఒకరోజు ఊరి మీద అలిగి కోడిని చంకన, కుంపటిని నెత్తిన పెట్టుకుని అడవిలోకి పోయి కూర్చుంది. మర్నాడు ఊరికి మామూలుగానే తెల్లారింది.

మా ఇంట్లో నేను నోరు తెరిచి "మా రోజుల్లో..." అనడమే ఆలస్యం, మా మనవరాలు అందుకుంటుంది: "తాత కోడిని చంకల పెట్టిండు, కుంపటి ఎక్కడున్నదో చూడుండ్రి!" అననివ్వండి. నాకు డెబ్బై నాలుగేళ్లు. ఆ కోడి నిజంగానే నాది.

మాది జనగామకు కూతవేటు దూరంలో ఒక పల్లె. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. పాత వరంగల్ జిల్లాలో బస్సు తిరిగిన ఊళ్ల దుమ్మంతా నా ఖాకీ చొక్కా మీద పడింది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను విడగొడితే మా కుటుంబం మూడు జిల్లాల పాలైంది. నేను జనగామ. మా చెల్లె మహబూబాబాద్, మేం మాత్రం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. చిన్నకొడుకు సింగరేణి కొలువుతో భూపాలపల్లి. మనవరాలు మామునూరు కాలేజీలో పశువైద్యం చదువుతోంది. అంటే కోడిని పుస్తకంలో చదివిన మనిషి ఒకరు, కోడి పెంట ఎత్తిన మనిషి ఒకరు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆదివారం భోజనాల దగ్గర మా ఇద్దరికీ జరిగేది చర్చ కాదు, కోడిపందెం.

నా గొణుగుడు చికెన్ సెంటర్ ముందు బారులో మొదలవుతుంది. నా వంతు రాగానే లోపలి పిల్లగాడు తలెత్తకుండా అడుగుతాడు: "స్కిన్నా, స్కిన్‌లెస్సా?" కోడి గురించి అతను అడిగే మొదటి ప్రశ్నా అదే, ఆఖరి ప్రశ్నా అదే. ఇనుప బోనులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తెల్లకోళ్లు. ఒకదాని రెక్కలు మెలేసి కాంటా మీద పెడతాడు. మెడ కోసి డ్రమ్ములో వేస్తాడు. డ్రమ్ములో టపటపలు ఆగేలోపు పక్కాయన ఫోన్‌పే మోగుతుంది. తోలు ఈకలతో సహా ఒక్క గుంజుకు, చొక్కా విప్పినట్టు, ఊడి వస్తుంది. మొద్దు మీద కత్తి నాలుగు దెబ్బలు. నల్ల కవరు నా చేతిలో. అంతా కలిపి ఐదు నిమిషాలు. ఆ కవర్లో మాంసం ఉందని ఒప్పుకుంటాను. కోడి మాత్రం లేదు.

మా రోజుల్లో కోడి ముందు పక్షి. కూర కావడం తర్వాతి సంగతి, అదీ ఎప్పుడో పండక్కి. మా ఇంటి గడియారం అదే, పెంటకుప్ప మీద పురుగులు ఏరే జీతగాడూ అదే, మా అవ్వ కొంగుముళ్లో చిల్లరా అదే. తొలికోడికి మా నాయన లేచి ఎడ్లకు గడ్డి వేసేవాడు. మలికోడికి నాగలి భుజాన పడేది. చుట్టం ఊరికి బయల్దేరాలన్నా "కోడి కూసినంక పో" అనేవారు తప్ప నాలుగున్నరకు పో అని ఎవరూ అనలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఐదు సెల్‌ఫోన్లు ఐదు రకాలుగా కూస్తాయి. ఒక్కరూ లేవరు.

"పుంజు వెలుతురు చూసి కూయదు తాతా, దాని ఒంట్లనే గడియారం ఉంటది" అంది మనవరాలు. జపాన్‌లో నాగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని రాత్రీ పగలూ తేడా తెలియని మసక వెలుతురులో ఉంచి చూశారట. అయినా దాదాపు రోజుకొకసారి ఠంచనుగా, తెల్లారే వేళకే కూశాయట. 2013లో అచ్చయిన సంగతి ఇది. తర్వాత ఇంకోటి కనిపెట్టారు. ఒకచోట నాలుగు పుంజులుంటే అన్నిటికన్నా పెద్దరికం ఉన్నదే ముందు కూస్తుంది, మిగతావి వరసగా దాని వెనక. ఇది వినగానే మా డిపో గుర్తుకొచ్చింది. పెద్దసారు దగ్గితే తప్ప మేమెవరం దగ్గేవాళ్లం కాదు.

పుంజు గొంతెత్తితే దాని పక్కన నూరు డెసిబెల్స్ దాటుతుంది. మరి దాని చెవి పోదా అంటే, ముక్కు పూర్తిగా తెరిచినప్పుడు దాని చెవిరంధ్రం కొంత మూసుకుపోతుందని బెల్జియం వాళ్లు 2018లో చెప్పారు. నోరు తెరిస్తే చెవి మూసుకుపోయే జీవుల్ని నేను చాలా మీటింగుల్లో చూశానని అన్నాను. "ఇంట్ల సుత ఒకరున్నరు" అంది మనవరాలు నా వైపు చూడకుండా.

పొద్దుగూకే వేళ కోళ్లను లెక్కపెట్టి గంప కింద మూయడం చిన్నప్పుడు నా పని. కోడికి పగలు కళ్లు అద్భుతం. మనకు కనిపించే రంగులన్నీ కనిపిస్తాయి, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. చీకటి పడితే మాత్రం దాదాపు గుడ్డిది. అందుకే చీకటి పడకముందే గూటికి చేరుతుంది, అందుకే దొంగ రాత్రే వస్తాడు. జంగపిల్లి కూడా అంతే. లెక్కలో ఒకటి తగ్గితే నాకు అన్నం లేదు. నాకు ఎక్కాలు నేర్పింది బడి కాదు, గంప.

గద్ద నీడ నేల మీద పడగానే పుంజు ఒక రకంగా అరుస్తుంది, ముంగిస గడ్డిలో కదిలితే ఇంకో రకంగా. మొదటి అరుపుకు పిల్లలు తల్లి రెక్కల కిందికి దూరతాయి, రెండో అరుపుకు మెడలు నిక్కించి చుట్టూ చూస్తాయి. ఇంట్లో ఏ మూలనున్నా మా అవ్వ ఆ అరుపు విని పైకి చూడాలో కిందికి చూడాలో తెలుసుకునేది. కోళ్లలో ఏది దేన్ని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డరప్ ఎబ్బె 1921లో రాశాడట. మా అవ్వ ఆయన పేరు వినలేదు. కానీ నూకలు చల్లేటప్పుడు పెద్దపెట్టకు ఒకవైపు, దానితో పొడిపించుకునే బక్కదానికి తన కాళ్ల దగ్గర వేరుగా వేసేది.

పొదుగు సంగతి ఇంకా దగ్గర నుంచి చెప్పాలి. పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి, ఒకరోజు ఉన్నట్టుండి ఒళ్లంతా ఉబ్బించి, దగ్గరికి పోతే గుర్రుమంటూ మూలన కూర్చుంటుంది. అప్పుడు మా అవ్వ పాత గంపలో ఊక పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్లను ఒక్కొక్కటి గుప్పిట్లో ఎండకు పట్టి చూసి పెట్టేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ పక్కన వేసేది. ఇనుముకూ ఉరుముకూ సంబంధం లేదని మనవరాలు అంటుంది. ఉండకపోవచ్చు. గుడ్డును ఎండకు పట్టి చూడటం మాత్రం ఈనాటి హేచరీల్లో దీపం పెట్టి చేసే పనేనని ఒప్పుకుంది.

ఆ పెట్ట తపస్సు చూసినవాడికి తెలుస్తుంది. రోజుకోసారి దిగి, గబగబా నాలుగు గింజలు మింగి, నీళ్లు తాగి, బూడిదలో ఒకసారి పొర్లి మళ్లీ ఎక్కుతుంది. రోజులో ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. దొర్లించకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోతుంది. ఇరవయ్యో రోజు రాత్రి గంప దగ్గర చెవి పెడితే గుడ్డు లోపలి నుంచే సన్నగా కిచకిచ. దానికి పెట్ట గొంతులో ఏదో గొణుగుతూ జవాబిస్తుంది. ఇరవై ఒకటో రోజు పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న బుడిపెతో పెంకు చిట్లుతుంది. మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు పేరు పెట్టడానికి 21 రోజులు ఆగుతాం. ఆ లోపల కోడి గుడ్డును పిల్లను చేసి నడిపిస్తుంది.

పుట్టిన పిల్ల రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా బతుకుతుంది. బయటికొచ్చే ముందే మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది, అదే దాని సద్దిమూట. ఈ సంగతి నాకు అప్పుడు తెలిసి ఉంటే బస్సులో అంత కంగారు పడేవాడిని కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే బస్సుల్లో రంధ్రాలున్న అట్టపెట్టెలు ఎక్కేవి, లోపల ఒక్కరోజు పిల్లలు. "పాపం, మేత లేదు, నీళ్లు లేవు" అని నేను దారి పొడుగునా బాధపడేవాడిని. ఇప్పుడు అంగళ్లలో గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పూసిన పిల్లల్ని అమ్ముతున్నారు కదా, వాటిని చూస్తే ఆ బాధ మళ్లీ వస్తుంది. గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్లలవి. గుడ్డు పెట్టవు, మాంసం పట్టదు. కనుక రంగు పూసి పసిపిల్లల చేతిలో పెడతారు. రెండో రోజుకు ఆట అయిపోతుంది, మూడో రోజుకు పిల్లా అయిపోతుంది.

కోళ్లు ఆడవాళ్ల ఆస్తి. ఎడ్లు, పొలం, అప్పు మగవాళ్లవి. కోడిని అమ్మిన పైసలు అడిగే ధైర్యం మా నాయనకు లేదు. పెట్ట లేని ఇంటికి పెట్టను "పాలుకు" ఇచ్చేవారు. పెంచినవాళ్లకు సగం పిల్లలు, ఇచ్చినవాళ్లకు సగం. కాగితం లేదు, సంతకం లేదు. మా చెల్లె పెళ్లయి మానుకోట వైపు వెళ్లినప్పుడు అవ్వ చేతిలో పెట్టింది రెండు పెట్టలు, ఒక పుంజు. అవి నా బస్సులోనే వెళ్లాయి, డ్రైవరు సీటు వెనక, కాళ్లకు గుడ్డపీలిక కట్టుకుని.

బస్సు అన్నాను కాబట్టి మేడారం చెప్పకుండా ఉండలేను. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వచ్చిందంటే మా స్పెషల్ బస్సుల్లో మనుషుల కింద కోళ్లు, కోళ్ల కింద బెల్లం. తల్లులకు బెల్లమే బంగారం. చింత చెట్ల మలుపు దగ్గర బ్రేకు వేస్తే సీట్ల కింద నుంచి ఒకేసారి యాభై కోళ్లు తిట్టేవి. తెల్లవారుజామున ఒక పుంజు కూస్తే బస్సంతా కూసేది, నిద్రపోతున్న ముసలాళ్లు లేచి "ములుగొచ్చిందా?" అని అడిగేవారు. మరి ఇప్పుడు? 2022లో గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే బస్సులో ఒకాయన పుంజును చీర కింద దాచి తీసుకెళ్తే దానికి 30 రూపాయల టికెట్ కొట్టారు. 2024 సంక్రాంతి ముందు బస్సులో ఎవరో మరిచిపోయిన పుంజును కరీంనగర్‌లో వేలం వేస్తామని ప్రకటించారు. అదే ఏడాది మేడారం బస్సుల్లో కోళ్లూ మేకలూ ఎక్కకూడదన్నారు. టికెట్ కొట్టడం న్యాయమో కాదో రిటైరైన కండక్టరుగా నేను తీర్పు చెప్పను. కానీ నా చేతిమీదుగా ఉచిత ప్రయాణం చేసిన కోళ్లు ఎన్నో ఆ తల్లులకే తెలుసు.

ఇక కూర. అల్లుడొచ్చాడంటే కోడికి ఆయువు మూడినట్టే. ఈకలు పీకి, పసుపు పూసి, వరిగడ్డి మంట మీద తిప్పుతూ కాల్చేవారు. తోలు కాలిన ఆ కమురు వాసన వీధి చివరి దాకా వెళ్లి "ఈళ్లింట్ల అల్లుడు దిగిండు" అని చాటింపు వేసేది. మా అవ్వ కోడిని కోసేటప్పుడు మేమంతా చుట్టూ చేరేవాళ్లం. కందనకాయ చీల్చి బోర్లిస్తే లోపల జొన్నగింజలు, ఇసుక, కందిగింజంత రాళ్లు, ఒకసారి మా చెల్లె పోగొట్టుకున్న నీలం పూస. పళ్లు లేని పక్షికి కడుపులోనే తిరగలి. ఆ రాళ్లే తిరగలి రాళ్లు. పూసను కడిగి చెల్లె మళ్లీ దండలో గుచ్చుకుంది.

పెట్టనైతే లోపల ఇంకో వింత. పచ్చసొనలు గుత్తిగా, నిమ్మకాయంత నుంచి ఆవగింజంత దాకా వరసగా. అవ్వ వేలుతో చూపిస్తూ లెక్క చెప్పేది: "ఇది రేపటి గుడ్డు, ఇది ఎల్లుండిది, ఇది ఆవలెల్లుండిది." ఆ చిన్నచిన్న సొనల కోసం మేం కొట్టుకునేవాళ్లం. మనవరాలి పుస్తకం కూడా అదే చెప్పింది. కోడికి ఎడమవైపు అండాశయమే పనిచేస్తుందట. సొన విడిపోయి గుడ్డుగా బయటికి రావడానికి 25 గంటల దాకా పడుతుంది. అందులో 20 గంటలు ఒక్క పెంకుకే. అందుకే గుడ్డు పెట్టే వేళ రోజూ కొంచెం వెనక్కి జరిగి, ఒకరోజు అసలు పెట్టదు. "ఇయ్యాల కోడికి సెలవు" అనేది మా అవ్వ. వారంలో ఒకరోజు సెలవు మా డిపోలోకన్నా ముందు మా గంపలోనే ఉండేది.

రోట్లో ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, ఎల్లిగడ్డ నూరి, మట్టికుండలో, కట్టెల మంట మీద. ముదురు పుంజైతే రెండు గంటలు ఉడికేది. ఆ పులుసు జొన్న గటక మీద పోసుకుంటే ముక్క అక్కర్లేదు. నిజం చెప్పాలంటే ముక్క రాదు కూడా. ఒక కోడి, పదకొండు మంది. తొడలు అల్లుడికి, కందనకాయ నాయనకు, కార్జం చిన్నోడికి. చివరికి అవ్వ ఖాళీ కుండలో ఇంత గటక వేసి, చుట్టూ తుడిచి, ఆ కుండలోనే తినేది.

ఇక్కడే మనవరాలు నన్ను పట్టుకుంది.

"తాతా, అప్పుడు ఏడాదికి ఎన్నిసార్లు కోడికూర తిన్నరు? లెక్క చెప్పు, కండక్టర్‌వి కద."

వేళ్లు మడిచాను. దసరా, సంక్రాంతి, పోచమ్మ బోనం, అల్లుడి రాకడ. కొక్కెర తగిలిన కోడిని చచ్చేలోపు కోసిన రోజులు కూడా కలిపితే ఏడో ఎనిమిదో.

"కొక్కెర" అన్నాక ఆ మాట కూడా చెప్పాలి. రెక్కలు వాల్చి, మెడ మెలితిరిగి, ఆకుపచ్చగా పారుకుంటూ రెండు మూడు రోజుల్లో గంప మొత్తం ఖాళీ. ఒక ఎండాకాలం మా వాడకట్టులో కూసే పుంజు ఒక్కటీ మిగల్లేదు. ఇంగ్లండులో న్యూకాసిల్ వ్యాధి అనేది ఇదే. మన దేశంలో మొదట రాణిఖేత్‌లో గుర్తించారని ఆ ఊరి పేరు పెట్టారు. మేం గ్రామదేవతకు మొక్కాం. ఇప్పుడు వారం రోజుల పిల్లకు లసోటా చుక్క కంట్లో వేసి, ఎనిమిది వారాలకు మరో టీకా ఇస్తే ఆ మొక్కు అవసరం లేదు. మా అవ్వ ఏడ్చిన ఏడుపు ఒక చుక్క మందుతో పోయేదని తెలిశాక, మా రోజుల్లో అన్నీ బాగుండేవని అనడానికి నోరు రాదు.

మా నాయన రోజులు ఇంకా వేరు. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం సాగిన కాలం. అమీనో గిర్దావరో ఊళ్లో మకాం వేశాడంటే కోళ్లు, గుడ్లు వెట్టి కింద పంపాల్సిందేనని, గంప ఎత్తి మరీ పట్టుకుపోయేవారని చెప్పేవాడు. పెంచింది ఒకరు, తిన్నది ఒకరు. ఆ రోజుల కోడికూర రుచి గురించి మా నాయన ఎప్పుడూ మాట్లాడలేదు. నాటుకోడి పులుసు కమ్మదనం అంతా నా తరం నుంచే మొదలైందన్నమాట.

ఇప్పుడేమో సర్కారు బడిలో పిల్లకు వారానికి మూడు గుడ్లు. 2015 జనవరిలో ఆరోగ్య లక్ష్మి వచ్చాక అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు రోజుకొక గుడ్డు. మా చిన్నప్పుడు రోజుకొక గుడ్డు తిన్నవాడు దొర కొడుకు ఒక్కడే. ఇంట్లో గుడ్డు ఉందంటే అది అంగట్లో అమ్మడానికి, లేకపోతే పొదిగించడానికి, అదీ కాకపోతే దిష్టి తీసి మూడుబాటల కాడ పెట్టడానికి. ఈ గుడ్లన్నీ మా అవ్వ పెట్టల నుంచి రావు. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై పెడితే గొప్ప, ఫారం పెట్ట 300 దాటుతుంది. ఆ ఫారాల వెనక ఉన్నదీ మనవాడే. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు. గుడ్డు ధర పడిపోయి రైతులు మునిగిపోతుంటే, ధర దళారులు కాదు పెంచేవాళ్లే చెప్పాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టాడు. మానుకోట కిరాణాకొట్టులో గుడ్డు ధర ఇవాళ్టికీ ఆ కమిటీ పొద్దున ప్రకటించే ధరను బట్టే నడుస్తుంది.

అయినా బ్రాయిలర్ మీద నా కోపం తగ్గదు. "అన్నీ ఇంజెక్షన్లే" అన్నాను. "కాదు తాతా" అంది మనవరాలు. అది తరతరాల ఎంపిక, మేత. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతి కోళ్లను, 1978 నాటివాటిని, 2005 నాటివాటిని ఒకే మేత పెట్టి పెంచి 2014లో లెక్క చెప్పారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202. మేత ఒకటే, కోడే మారింది. బరువుకు కాళ్లు ఆగవు, గుండె ఆగదు, అదే వాటి రోగం. సూది లేకుండానే ఇంత చేశారంటే నాకు కోపం ఇంకా పెరిగింది. మా పుంజు కూత నేర్చుకునే వయసు కూడా రాకముందే, ఆరు వారాలకే, ఈ పక్షి కవర్లోకి వెళ్తుంది. తినే కోడి కూత ఎలా ఉంటుందో తినేవాడికి తెలియదు, కోడికీ తెలియదు.

పోనీ నాటుకోడి కొందామంటే బైపాస్ దాబాలన్నిటి మీదా "నాటుకోడి" బోర్డే. ఇన్ని నాటుకోళ్లు ఏ ఊరి పెంటకుప్పల మీద తిరుగుతున్నాయో నాకు కనిపించదు. ముక్క ఇరవై నిమిషాల్లో ఉడికితే అది రంగు ఈకలున్న ఫారం కోడి. మీరు నన్ను కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అనుకున్నా సరే, పంటికి తెలిసిన సంగతి చెప్తున్నాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు ఈ బోర్డులు ఇంకా పెరిగాయి. బాగా ఉడికిస్తే ఆ వైరస్ చస్తుందని డాక్టర్లు మొత్తుకున్నా చికెన్ సెంటర్లో ఈగలే మిగిలాయి. నెల తిరిగేసరికి బారు మళ్లీ మొదలు. నేనూ అందులో ఉన్నాను, ఎందుకు దాచాలి?

అసలు కోడిని మాత్రం భూపాలపల్లిలో చూశాను. కొడుకు బండి మీద మహాదేవపూర్ అడవి దారిలో పోతుంటే పొద్దున్నే రోడ్డు దాటింది అడవికోడి పుంజు. మెడ మీద నిప్పురంగు ఈకలు, నల్లపచ్చని తోక. మేం ఆగేసరికి భర్రున లేచి చెట్టెక్కింది. ఫారం కోడి గోడ కూడా ఎక్కలేదు. లోకంలోని కోళ్లన్నిటికీ మూలపురుషుడు ఈ ఎర్ర అడవికోడే. గోదావరి అటూ ఇటూ దీని హద్దూ, దక్షిణాది బూడిదరంగు అడవికోడి హద్దూ కలుస్తాయంటారు. కోళ్ల పసుపు కాళ్లు, పసుపు తోలు ఆ బూడిద కోడి నుంచి వచ్చిన లక్షణమని 2008లో తేల్చారు. అంటే అమెరికావాడు తినే కోడి కాళ్లలో కూడా మన దక్కను రక్తం ఉంది. చట్టం అడవికోడిని వేటాడొద్దంటోంది. ఎవరైనా "అడవికోడి దొరుకుతది" అని చెవిలో చెబితే చెవి మూసుకోండి, పుంజు మూసుకున్నట్టు.

చివరగా మా చెల్లె. డెబ్బై ఏళ్లు నిండుతున్నా దాని వాకిట్లో ఇప్పటికీ కోళ్లున్నాయి. అయితే అవ్వ ఇచ్చిన జాతి కాదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరట్లో పెంచడానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ. నాటుకోడిలా తిరిగి ఏరుకుని తింటాయి, నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. పొదగడం మాత్రం వాటికి అంతగా రాదు. అందుకని చెల్లె ఒక ముసలి నాటుపెట్టను ఉంచుకుంది. గుడ్లు వీటివి, పొదుగు దానిది. పాత పద్ధతీ కొత్త జాతీ ఒకే గంపలో సర్దుకున్నాయి, నేనూ మనవరాలూ సర్దుకోలేదు.

పోయిన నెల మనవరాలు హేచరీ చూసొచ్చింది. బీరువాలంత యంత్రాలు, వేలకు వేల గుడ్లు. "గంటకోసారి గుడ్లను తిప్పుతది తాతా, కోడి తిప్పినట్టే. 18 రోజులు ఒక మిషన్ల, మూడు రోజులు ఇంకో మిషన్ల."

"కలిపితే ఎంత?"

"ఇరవై ఒకటి."

అంతే కదా! 56 రోజుల కోడిని 905 గ్రాముల నుంచి నాలుగు కిలోలకు లాగిన మనిషి, గుడ్డు దగ్గర ఒక్క రోజు కూడా తగ్గించలేకపోయాడు. ఆ ఆదివారం పందెంలో నేనే గెలిచాను.

ఇంతా విని మీరు చికెన్ సెంటర్‌కు పోవద్దని నేననను, నేనూ పోతాను. రెండు మంచాలు పట్టే వాకిలి ఉన్నవాళ్లకు మాత్రం ఒక మాట. ఒక నాటుపెట్టను తెచ్చి పది గుడ్ల మీద కూర్చోబెట్టండి. పిల్లలతో గోడ మీద 21 గీతలు గీయించండి. ఇరవయ్యో రాత్రి వాళ్ల చెవి గంపకు ఆనించండి. పిల్లలకు వారం నిండగానే లసోటా చుక్క మరిచిపోకండి. ఇనుప ముక్క, బొగ్గు, మిరపకాయ మీ ఇష్టం.